ఒకే ఊరు, పదిమంది రచయితలు: ఈ కథలు ఎందుకింత లాగేస్తాయి?

పర్లాకిమిడి పాఠకురాలు:

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ఫాంటసీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఒకే రచయిత ఏళ్ళ తరబడి రాసిన లావుపాటి సిరీస్‌లు చాలానే చదివాను, ఇష్టపడ్డాను కూడా. కానీ ఈమధ్య నన్ను పట్టుకుని వదలనివి వేరే రకం పుస్తకాలు. ముందు ఒక ఊరిని కల్పించుకుంటారు, దాని వీధులూ దేవుళ్ళూ పాత తగాదాలూ అన్నీ అనుకుంటారు, ఆ తర్వాత పదిమంది రచయితలు అదే ఊళ్ళో ఎవరి కథ వాళ్ళు రాసుకుంటారు. ఒకరి కథలో నాయకుడు ఇంకొకరి కథలో వీధి మలుపు దగ్గర ఊరికే ఎదురై వెళ్ళిపోతాడు.

నేను మొదట చదివింది థీవ్స్ వరల్డ్. రాబర్ట్ ఆస్ప్రిన్ సంపాదకుడిగా 1979లో మొదటి సంకలనం వచ్చింది, తర్వాత లిన్ ఆబీ కూడా సంపాదకత్వంలో కలిసింది, 1989 వచ్చేసరికి 12 సంకలనాలయ్యాయి. ఊరి పేరు శాంక్చురీ. పెద్ద సామ్రాజ్యానికి ఓ మూలన పడి ఉన్న, ఎవరికీ పట్టని పట్నం. చక్రవర్తికి సవతి తమ్ముడొకడుంటాడు, వాణ్ణి రాజధానిలో ఉంచుకుంటే ఎప్పటికైనా ముప్పేనని ఈ ఊరికి గవర్నరుగా తోసేస్తాడు. ఊళ్ళో దొంగలు, మంత్రగాళ్ళు, బజార్లో జోస్యం చెప్పే ఇల్లీరా, ఆమె పక్కనే కమ్మరి డుబ్రో, సారాకొట్టు నడిపే వన్ థంబ్, ఒకప్పుడు గ్లాడియేటరుగా బతికి ఇప్పుడు బానిసల వ్యాపారం చేసే జూబల్. వీళ్ళందరినీ పుట్టించింది ఒక్కరు కాదు, వేర్వేరు రచయితలు.

మొదటి పుస్తకంలో సంపాదకుడి మాట ఒకటుంది, అది నాకు కథలకన్నా ఎక్కువ నచ్చింది. కథల మధ్య చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి, అవి పొరపాట్లు కావు అంటాడు. ప్రతి కథా వేరే మనిషి కళ్ళలోంచి చెప్పింది, ఒకడికి తెలిసిన సంగతి ఇంకొకడికి తెలియదు, పైగా ఈ ఊళ్ళో వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పే రకం కాదు, ఇవన్నీ మనసులో పెట్టుకుని చదవండి అని.

నిజం చెప్పాలంటే అందులో కథలన్నీ గొప్పవేం కావు, కొన్ని సాదాసీదాగా ఉంటాయి. అయినా ఆ ఊరు మాత్రం నా తలలోంచి పోవట్లేదు. గొప్పగా రాసిన ఒంటి రచయిత సిరీస్‌లలోని ఊళ్ళు కూడా నాకింతగా గుర్తులేవు. ఎందుకంటారు? మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా? ఇంకోటి, మన భాషలో ఇలాంటిది చదివినవాళ్ళుంటే పేరు చెప్పండి. లేకపోతే మనమే ఎందుకు మొదలుపెట్టకూడదు?


బరంపురం బామ్మగారి మనవరాలు:

మంచి ప్రశ్న అడిగారండీ. ముందు ఒక సంగతి. ఒడియా చదివేవాళ్ళు మన వైపు చాలామందే ఉన్నారు కదా, బాసంతి నవల గురించి వినే ఉంటారు. సబుజ సాహిత్యం అనే ఒడియా రచయితల బృందం వాళ్ళు 9 మంది కలిసి రాసిన నవల అది. 1924 నుంచి ఉత్కళ సాహిత్య పత్రికలో సీరియల్‌గా వచ్చి 1931లో పుస్తకమైంది. రాసినవాళ్ళలో అన్నదాశంకర్ రాయ్, కాళిందీచరణ్ పాణిగ్రాహి, సరళాదేవి ఉన్నారు. చదువుకుని సొంత ఆలోచనతో బతకాలనుకునే ఆడపిల్ల కథ, దాన్ని ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి రాశారు, ఆ రోజుల్లో. అంటే కలిసి రాయడం మన చుట్టుపక్కల కొత్తేం కాదు.

కానీ మీరడిగేది అది కాదు. బాసంతి లాంటి గొలుసు నవలలో కథ ఒక్కటే. ముందువాళ్ళు ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి, వాళ్ళు పెళ్ళి చేసేస్తే పెళ్ళయినట్టే, ఊరొదిలి పంపేస్తే పంపినట్టే. మీరు చెప్పే సంకలనాల్లో ఊరొక్కటే ఉమ్మడి. నా మనిషి నాదే, నా కథ నాదే, నా ముగింపు నాదే. కాకపోతే నా మనిషి నడిచే వీధిలో మీ మనిషి కూడా నడుస్తున్నాడు, వాణ్ణి నేను చూడనట్టు ఉండలేను.

ఎందుకు లాగుతుందంటే, నాకు తోచింది చెప్తాను. ఒంటి రచయిత రాసిన లోకంలో ఎంత మిస్టరీ ఉన్నా, అసలు నిజం ఏమిటో ఆ ఒక్కరికీ ముందే తెలుసు అన్న భరోసా మనకుంటుంది. ఇక్కడ ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇల్లీరా మనసులో ఏముందో ఒకరికి తెలుసు, జూబల్ ఇంట్లో ఏం జరుగుతోందో ఇంకొకరికి తెలుసు. ఊళ్ళో అన్ని ఇళ్ళలోకీ వెళ్ళొచ్చినవాళ్ళు పాఠకులొక్కరే. ఒక కథలో ఎవరో ఒకణ్ణి నమ్మి తలుపు తీస్తుంటే, వాడు ముందు కథలో ఏం చేశాడో మనకు తెలుసు కాబట్టి మన గుండె జారిపోతుంది. ఆ కథ రాసిన మనిషి అందుకోసం ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు. ఆ టెన్షన్ మనం మోసుకొచ్చిందే. ఈ సుఖం వేరే రకం పుస్తకాల్లో నాకు దొరకలేదు.

ఇది నిలబడడానికి థీవ్స్ వరల్డ్ వాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు, అదే దీనికంతటికీ ప్రాణం అని నా ఉద్దేశం. ఎవరి పాత్రనైనా ఎవరైనా వాడుకోవచ్చు, కానీ పుట్టించినవాళ్ళు సరేనంటే తప్ప చంపకూడదు, మనిషిని మొత్తంగా మార్చేయకూడదు. అందరూ ఒకే ఊళ్ళో రాయాలన్న ఈ ఆలోచన మొదలైంది 1978లో, అమెరికాలో బోస్కోన్ అనే సైన్స్ ఫిక్షన్ సభ జరుగుతుంటే, రాత్రి భోజనాల దగ్గర. ప్రతి కథకీ కొత్తగా ఒక లోకం కట్టుకోవాలంటే ప్రాణం పోతోంది, అందరం ఒకే చోట రాసుకుంటే పోదా అన్న మాట మీద. చూడండి, పని తగ్గించుకుందామని మొదలెట్టింది ఎంత దూరం వెళ్ళిందో.


జయపురం కాఫీతోట:

నేను కొంచెం ఎదురు చెప్తాను, ఏమీ అనుకోకండి. థీవ్స్ వరల్డ్ మొదటి రెండు పుస్తకాలు నాకూ ఇష్టమే, కానీ ఆ తర్వాత ఏమైందో చూడండి. మొదట్లో అది చిన్న దొంగల ఊరు. ఒకడు కోటలో దూరి ఒక వస్తువు ఎత్తుకొస్తే అదే పెద్ద వార్త. రెండో సంకలనంలో జానెట్ మోరిస్ టెంపస్‌ను తెచ్చింది, చావులేని యోధుడు. బాగుంది. వాడితో పాటు వాడి సైన్యం వచ్చింది. వాడికి సరిజోడు ఉండాలి కాబట్టి మహా మంత్రగత్తెలు వచ్చారు. దేవుళ్ళు స్వయంగా దిగారు. సముద్రం అవతల నుంచి బేసిబ్ అనే జాతి వచ్చి ఊరినే పట్టేసుకుంది. ఇంక ఆ చిన్న దొంగ ఎక్కడున్నాడు? జేబులు కత్తిరించేవాడి కష్టం ఎవరికి కావాలి, ఆకాశంలో దేవుళ్ళు కొట్టుకుంటుంటే?

చంపకూడదు అన్న నియమం అక్కగారు ప్రాణం అన్నారు. నా ఉద్దేశంలో రోగం కూడా అక్కడే ఉంది. నీ పాత్రని నేను చంపలేను, అందుకని నీకన్నా బలమైనవాణ్ణి తెస్తాను. నువ్వు ఇంకా బలమైనవాణ్ణి తెస్తావు. ఎవరూ చావరు, అందరూ పెరుగుతారు. ఊరు మాత్రం అంతే ఉంటుంది, చివరికి ఊపిరాడదు.

దీన్ని సరిగ్గా కాచుకున్నది వైల్డ్ కార్డ్స్ అనే ఇలాంటి సంకలనాలే అనుకుంటాను. జార్జ్ మార్టిన్ సంపాదకుడు, 1987లో మొదటి పుస్తకం. అదసలు అల్బుకర్కీలో ఆయనా స్నేహితులూ రాత్రిళ్ళు కూర్చుని ఆడుకున్న సూపర్‌వరల్డ్ అనే రోల్‌ప్లేయింగ్ ఆటలోంచి పుట్టింది. 1946 సెప్టెంబరు 15న న్యూయార్క్ మీద వేరే గ్రహం వాళ్ళు తయారుచేసిన వైరస్ పడుతుంది. సోకిన 100 మందిలో 90 మంది చచ్చిపోతారు, 9 మంది వికారంగా మారిపోతారు, ఒక్కడికి మాత్రం శక్తి వస్తుంది. ఆ లోకంలో ఎవరికి ఏ శక్తి ఉన్నా దానికి కారణం అదొక్కటే. దేవుడి వరం, పాత శాపం, మంత్రాల పుస్తకం అని ఏ రచయితా వాదించడానికి లేదు. ఆ అంకెలు చూడండి, ఒక్కడికి వరమైతే తొంభై మందికి చావు. ఎంత సరదా కథ రాసినా వెనకాల ఆ చావులు ఉంటాయి. లోకం అంటే అలా కట్టాలి.

అందులో రోజర్ జెలాజ్నీ ఇచ్చిన పాత్ర ఒకటుంది, క్రోయ్డ్ క్రెన్సన్. వాడు నిద్రపోతే రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి లేవడు, లేచినప్పుడల్లా వేరే రూపం, వేరే శక్తి. ఒకసారి అందగాడు, ఒకసారి చూడలేని ఆకారం. అందుకే వాడికి నిద్రంటే భయం, మేలుకుని ఉండడానికి మాత్రలు మింగుతాడు, దాంతో పిచ్చెక్కుతుంది. ఇప్పుడు ఆలోచించండి, ఏ రచయితకి ఎలాంటి మనిషి కావాలంటే అలాంటి మనిషిగా వాణ్ణి నిద్ర లేపుకోవచ్చు. పదిమందికి అప్పివ్వడానికే తయారుచేసిన పాత్ర అది. జెలాజ్నీ మీద నాకున్న గౌరవం ఆ ఒక్క పాత్రతో రెట్టింపయింది.


గుణుపూర్ చిన్నబండి:

అన్నీ ఇంగ్లీషు పుస్తకాల గురించే చెప్పుకుంటున్నారు, నేను మా నోటుబుక్కు గురించి చెప్తాను.

నౌపడా నుంచి గుణుపూర్‌కి చిన్న రైలు నడిచిన రోజుల్లో మేం కొంతమందిమి అందులోనే కాలేజీకి వెళ్ళొచ్చేవాళ్ళం. పాతపట్నం వాడొకడు, పర్లాకిమిడి వాళ్ళు ఇద్దరు, కాశీనగర్‌లో ఎక్కే అమ్మాయొకతె, నేను. బండి ఎంత నెమ్మదిగా వెళ్ళేదో చూసినవాళ్ళకి తెలుసు. ఒక రూళ్ళ నోటుబుక్కులో ఒక సంత ఊరిని కల్పించుకున్నాం. కొండ కింద ఊరు, ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఇంకో రాజ్యం, సంత రోజున మాత్రం ఎవరూ ఎవరినీ పట్టుకోకూడదని కట్టుబాటు. వారానికొకరం ఒక కథ రాసి పుస్తకం పక్కవాళ్ళకి ఇవ్వాలి. థీవ్స్ వరల్డ్ లాంటివి ఉన్నాయని మాకు అప్పుడు తెలియదు.

నా కథలో సూరయ్య అని సంతలో ధాన్యం కొలిచే మనిషి వస్తాడు. అసలు కథ వేరే వాళ్ళది, ఇతను ఒక పేజీలో కనిపించి దారి చెప్పి పోతాడు, అంతే. తర్వాతి వారం పాతపట్నం వాడు రాసిన కథ ఒక షావుకారు చెప్పినట్టు సాగుతుంది. అందులో షావుకారు సూరయ్య కుంచాన్ని తిరగేసి చూస్తాడు, అడుగున మైనం అంటించి ఉంటుంది. నా కుంచంలోనే మైనం పెడతావురా దొంగా అని నలుగురిలో నిలబెట్టి కొట్టిస్తాడు. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నా సూరయ్య అలాంటివాడు కాదు అని బండిలోనే గొడవపడ్డాను. వాడు నవ్వి, నేను చెప్పలేదు, షావుకారు చెప్పాడు అన్నాడు.

ఆ తర్వాత నోటుబుక్కు కాశీనగర్ అమ్మాయి చేతికి వెళ్ళింది. ఆమె కథ కొండ మీంచి చోళ్ళు తెచ్చి అమ్ముకునే పిల్లది. ఆ పిల్ల ఇంటి దగ్గర సరిగ్గా కొలుచుకుని పది కుంచాలు తెస్తుంది, సంతలో షావుకారు కుంచంతో కొలిస్తే ఎప్పుడూ తొమ్మిదికి లోపే అవుతాయి. వాళ్ళమ్మకీ అంతే, అమ్మమ్మకీ అంతే. ఒక్క సూరయ్య కొలిచిన రోజు మాత్రం పదికి పదీ వస్తాయి. షావుకారు కొనేటప్పుడు వాడే కుంచం కావాలని పెద్దదిగా చేయించుకున్నది. సూరయ్య అడుగున మైనం అంటించి దాన్ని మళ్ళీ అసలు కుంచం చేశాడు. ఆ పిల్లకి ఇది తెలిసేది అతన్ని కొడుతున్నప్పుడు. చోళ్ళ మూట పట్టుకుని చూస్తూ ఉంటుంది, నోరెత్తితే సూరయ్య చేసింది నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది, ఎత్తకపోతే దెబ్బలు ఆగవు.

అది చదువుతూ నేను దిగాల్సిన చోట దిగలేదు. సూరయ్యని పుట్టించింది నేనే, కానీ అతను అంత మనిషని నాకు తెలియదు. ముగ్గురిలో ఏ ఒక్కరమూ ఒంటరిగా ఆ కథ రాయలేకపోయేవాళ్ళం. నాకు దారి చెప్పే మనిషి కావలసి వచ్చాడు, వాడికి దొంగ కావలసి వచ్చాడు, ఆమె ఆ రెండూ తీసి పడేయకుండా, షావుకారు చూసిన మైనం అక్కడ నిజంగా ఉందని ఒప్పుకుని, దాని వెనకాల ఇంకో నిజం పెట్టింది. మీరడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే అమ్మా. ఇంకొకరు మన మనిషిని తీసుకుని మనకన్నా బాగా చూడడం.

జయపురం బాబు చెప్పిన గొడవ మాకు రాలేదు, ఎందుకంటే ఎవరి దగ్గరా కుంచాన్ని మించిన ఆయుధం లేదు. మంత్రం ఒక్కటే పెట్టుకున్నాం, సంత రోజు కట్టుబాటు తప్పినవాడికి ఏరు దారివ్వదు అని. అది కూడా చాలా పొదుపుగా వాడాం.


రాయగడ మాస్టారు:

గుణుపూర్ వారి సూరయ్య చాలా బాగున్నాడు. ఆ నోటుబుక్కు ఇంకా ఉంటే దయచేసి ఫోటోలు తీసి పెట్టండి, ఇలాంటివి పోతే మళ్ళీ రావు.

నాదొక్క మాట. మనకు పంచుకున్న లోకాలు కొత్త అని ఎందుకు అనుకోవాలి? 15వ శతాబ్దంలో సారళాదాసు ఒడియాలో భారతం రాస్తూ అర్జునుడికి నవగుంజరం అనే వింత మృగాన్ని చూపించాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్ళేమో ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి గుర్రానిది, నాలుగోది మనిషి చెయ్యి. అర్జునుడు బాణం ఎక్కుపెట్టి, ఆ చేతిని చూసి ఆగి, విల్లు కింద పెట్టేస్తాడు. ఇది వ్యాసుడి భారతంలో లేదు. సారళాదాసు తన మృగాన్ని తెచ్చి ఆ అడవిలో వదిలాడు, ఇప్పుడు అది పటచిత్రాల్లో ఉంది, పూరీ గుడి మీద ఉంది. మన ఆడవాళ్ళు పాడుకునే ఊర్మిళాదేవి నిద్ర కూడా అంతే. వాల్మీకి పట్టించుకోని ఇంటి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. బరంపురం అమ్మాయి చెప్పినట్టు అన్ని ఇళ్ళలోకీ వెళ్ళే పాఠకులు కావాలంటే, ముందు మిగిలిపోయిన తలుపులు తీసేవాళ్ళు కావాలి.


పర్లాకిమిడి పాఠకురాలు:

అందరికీ చాలా థాంక్స్. బరంపురం అక్కా, గుండె జారిపోయే ఆ మాట మీరు చెప్పాక మొదటి పుస్తకం మళ్ళీ తీసి చదివాను, ముమ్మాటికీ నిజం. గుణుపూర్ బాబాయ్‌గారూ, సూరయ్య కథ మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను, మా అమ్మ ఆ తర్వాత ఏమైందని రోజూ అడుగుతోంది.

జయపురం అన్నయ్యా, మీరన్నది ఒప్పుకుంటున్నాను. అయితే పరిష్కారం కూడా మీ మాటల్లోనే ఉంది, శక్తి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కటే కారణం ఉండాలి, దానికి ధర ఉండాలి. ఇంకో పుస్తకం గురించి మీ అందరికీ చెప్పాలి. టెర్రీ విండ్లింగ్ 1986లో మొదలుపెట్టిన బోర్డర్‌టౌన్ సంకలనాలు. మనుషుల లోకానికీ ఎల్ఫ్‌లనే మాయా జనాల లోకానికీ సరిహద్దులో ఉన్న పట్నం అది. అక్కడ మంత్రమూ పూర్తిగా పనిచేయదు, యంత్రమూ పూర్తిగా పనిచేయదు. రెండు వైపుల నుంచీ ఇళ్ళొదిలి వచ్చిన కుర్రాళ్ళు, పాడుబడ్డ మేడల్లో ఉంటూ, పాటలు కట్టుకుంటూ, రెండు భాషలూ కలిపేసి మాట్లాడుకుంటూ బతుకుతారు. పుస్తకాలు చాలా ఏళ్ళు ఆగిపోయి 2011లో మళ్ళీ వచ్చినప్పుడు, ఆ ఖాళీని కూడా కథలో పెట్టేశారు. ఊరికి దారి మూసుకుపోయింది, బయట 13 ఏళ్ళు గడిచాయి, ఊళ్ళో మాత్రం 13 రోజులే గడిచాయి అని. ఆ పాత పుస్తకాలు చదివి పెద్దవాళ్ళయిన పాఠకులకి అది చదువుతుంటే ఎలా ఉండుంటుందో ఆలోచించండి. ఒంటి రచయితైతే కొనసాగింపు రాస్తాడు. ఇక్కడ కొత్తవాళ్ళు పాతవాళ్ళ పక్కన వచ్చి కూర్చున్నారు, వాళ్ళలో కొందరు చిన్నప్పుడు ఆ పుస్తకాలకి పాఠకులే.

అది చదివాక నాకు ఒకటే ఆలోచన. సరిహద్దు ఊరు ఎలా ఉంటుందో మనకొకరు చెప్పాలా? మా వీధిలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, సంతలో కొండవాళ్ళ సవర భాష. ఏరు దాటి పాతపట్నం వెళ్తే బస్సు బోర్డు మీద లిపి మారిపోతుంది, కానీ కూరలమ్మే మనిషి అదే మనిషి. ఇంత ఉన్నప్పుడు లండన్ మేడలూ మంచు కోటలూ మనకెందుకు?

కాబట్టి గుణుపూర్ బాబాయ్‌గారు సరేనంటే ఆయన సంత ఊరితోనే మొదలుపెడదాం. పేరు మార్చుకోవచ్చు. ఏరు కట్టుబాటు ఒక్కటే మంత్రం. సూరయ్య ఆయనదీ, చోళ్ళ పిల్ల కాశీనగర్ ఆవిడదీ, ఆవిణ్ణి అడగకుండా ముట్టుకోకూడదు. ఎవరి పాత్రనైనా కనిపింపజేయొచ్చు, తిట్టొచ్చు, తప్పుగా అర్థం చేసుకోవచ్చు, చంపడానికి మాత్రం అడగాలి. కొండ వాళ్ళ గురించి రాసేవాళ్ళు సవర తెలిసిన వాళ్ళకి చూపించాకే ఇక్కడ పెట్టాలి, ఇది నా వైపు నుంచి గట్టిగా చెప్తున్నాను. కథ ఐదారు పేజీలు దాటకుండా ఉంటే చదవడానికి వీలుగా ఉంటుంది. ఎవరెవరు రాస్తారో, ఎవరిని తెస్తున్నారో రెండు ముక్కల్లో చెప్పండి. నేను ఏటి ఒడ్డున రెండు రాజ్యాల నాణేలూ మార్చి ఇచ్చే ఆవిణ్ణి తీసుకుంటున్నాను.


గుణుపూర్ చిన్నబండి:

సరే అమ్మా, సంతోషంగా తీసుకోండి. నోటుబుక్కు పాతపట్నం వాడి దగ్గర ఉంది, ఈ వారం వెళ్ళి తెస్తాను. కాశీనగర్ ఆవిడ ఇప్పుడు కొరాపుట్‌లో టీచరు, ఫోన్ చేసి అడిగాను, చోళ్ళ పిల్ల గురించి ఆమె దగ్గర ఇంకా కథలున్నాయట. మాస్టారూ, మీరు కూడా ఒకరిని తీసుకోవాలి, తప్పించుకోకండి. జయపురం బాబూ, షావుకారు ఖాళీగా ఉన్నాడు, కొట్టించాక వాడి ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు. మీరు రాస్తారా?


జయపురం కాఫీతోట:

రాస్తాను. వాడి భార్య వైపు నుంచి. ఆమెకి ఆ కుంచం సంగతి ముందే తెలుసు.